కోరల్ రంగు మారిందా? ఏదైనా మార్చే ముందు వరుసగా చేయాల్సిన పనులు

పొద్దున లైట్లు వెలిగాక, కోరల్స్ (బతికున్న పగడాలు) పెంచే ట్యాంకు ముందుకు వెళ్తాం. మొన్నటిదాకా నీలంగా మెరిసిన కొమ్మ బెల్లం రంగులో కనిపిస్తుంది. లేదా పచ్చగా ఉన్న కోరల్ ఉతికి ఉతికి వెలిసిన చీరలా పాలిపోయి ఉంటుంది. ఆ టెన్షన్ నాకు బాగా తెలుసు. డల్లాస్ దగ్గర మా ఇంట్లో 75 గ్యాలన్ల ఉప్పునీటి ట్యాంకు ఉంది, అంటే దాదాపు 285 లీటర్లు. ఇన్నేళ్లలో కోరల్స్‌కి నేను చేసిన నష్టంలో ఎక్కువ భాగం రంగు మారిన రోజున కంగారుపడి చేసిన పనుల వల్లే జరిగింది. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక్క విషయం పట్టుకోండి. ఇవాళ కనిపించే రంగు చాలాసార్లు రెండు మూడు వారాల కిందట నీటిలోనో వెలుతురులోనో జరిగిన మార్పుకు గుర్తు. ఇవాళ్టి టెస్టులో నంబర్ చూసి ఇవాళే ఏదో ఒకటి పోస్తే, అసలు కారణం అలాగే ఉంటుంది, దాని మీద ఇంకో మార్పు తోడవుతుంది. కోరల్ రెండూ భరించాలి.

ఇండియాలో ఉన్నవాళ్లకు ఒక మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద గట్టి పగడాలన్నీ 2001 నుంచి షెడ్యూల్ 1లో ఉన్నాయి. అంటే పులికి ఉన్నంత రక్షణ వాటికీ ఉంది. షాపులో అమ్ముతున్నారు కదా అని కొనకండి. లక్షద్వీప్, అండమాన్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖల్లో మనకు మిగిలిన పగడపు దిబ్బలు ఇప్పటికే వేడికి దెబ్బతింటున్నాయి. కింద రాసిన గట్టి కోరల్స్ సంగతులు అవి పెంచడానికి చట్టం ఒప్పుకునే దేశాల్లో ఉన్న మనవాళ్ల కోసం.

రంగు ఎక్కడి నుంచి వస్తుంది

ఇది అర్థమైతే సగం పని అయినట్టే. కోరల్‌లో మన కంటికి కనిపించేవి మూడు. అడుగున సున్నపు అస్థిపంజరం, దాని రంగు తెలుపు. దాని మీద ఉల్లిపొరంత పల్చటి కండ. ఆ కండలోని కణాల్లో కాపురముండే జూజాంథెల్లే అనే ఏకకణ ఆల్గే. చదరపు సెంటీమీటరు కండలో ఇవి పది లక్షలు, అంతకు మించి కూడా ఉంటాయి. వెలుతురుతో చక్కెర తయారుచేసి కోరల్‌కి తిండి పెట్టేవి ఇవే. వీటి రంగు గోధుమ.

మనం డబ్బు పెట్టి కొనే నీలం, ఊదా, గులాబీ, చిలకపచ్చ రంగులు కోరల్ తన కండలో తానే తయారుచేసుకునే ప్రొటీన్లవి. కొన్ని నీలి వెలుతురు పడితే వెలుగుతాయి, కొన్ని మామూలు రంగులా కనిపిస్తాయి.

కాబట్టి గోధుమ రంగు ఎక్కితే ఆల్గే పెరిగిందని అర్థం. పాలిపోతే ఆల్గేనో ప్రొటీన్లో తగ్గాయి. పూర్తిగా తెల్లబడితే రెండు అర్థాలు ఉన్నాయి. ఆల్గే వెళ్లిపోయి పారదర్శకమైన కండలోంచి ఎముక కనిపిస్తూ ఉండొచ్చు, దీన్నే బ్లీచింగ్ అంటారు. లేదా కండే ఊడిపోయి ఉత్త ఎముక మిగిలి ఉండొచ్చు. మొదటిది బతికే ఉంది, రెండోచోట ఆ భాగం చచ్చిపోయింది. రెండింటికీ చేయాల్సిన పని వేరు.

ఇంకో వింత ఉంది. కొన్ని కోరల్స్ పాలిపోతూనే ఒక్కసారిగా కళ్లు జిగేల్‌మనే నియాన్ రంగులోకి వస్తాయి. ఎంత బాగుందో అని మనం మురిసిపోతాం. ఆల్గే తగ్గాక లోపల వెలుతురు ఎక్కువై, దాన్ని తట్టుకోవడానికి కోరల్ ఎండకు గొడుగు పట్టినట్టు రంగు ప్రొటీన్లను ఎక్కువ చేసుకుంటుందని ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో వివరించారు. నెలలుగా మసకగా ఉన్న కోరల్ మీరేమీ చేయకుండా ఉన్నట్టుండి వెలిగిపోతుంటే సంబరపడకుండా దగ్గరికెళ్లి చూడండి.

మొదటి పని: తెల్లటి వెలుతురులో, భూతద్దంతో

నీలి లైట్ల కింద ఏ నిర్ణయానికీ రావద్దు. ఆ వెలుతురులో గోధుమ రంగు కోరల్ కూడా పచ్చగా మెరుస్తుంది. లైట్ల యాప్‌లో తెలుపు పెంచి, పంపులు ఐదు నిమిషాలు ఆపి, అలలు లేని నీటిలో చూడండి. అదే చోటి నుంచి, అదే సెట్టింగ్‌లో ఒక ఫోటో తీయండి. వారం తర్వాత మీ జ్ఞాపకాన్ని నమ్మలేరు, ఫోటోను నమ్మొచ్చు.

తర్వాత గాజుకి భూతద్దం ఆనించి చూడండి. ఆక్రోపోరా (కొమ్మలుగా పెరిగే గట్టి కోరల్) కొమ్మ మీద చిన్న చిన్న గొట్టాలు, ఒక్కో గొట్టంలోంచి తొంగిచూసే ఆవగింజంత పాలిప్ (నోరున్న చిన్న జీవి), దాని చుట్టూ రెక్కల్లాంటి టెంటకిల్స్ కనిపిస్తాయి. కొమ్మ తెల్లగా ఉన్నా పాలిప్ ఉంటే, ఎముక మీద తడి గాజులాంటి పల్చటి మెరుపు ఉంటే, కండ బతికే ఉంది. పాలిప్స్ లేకుండా ఎముక సుద్దముక్కలా పొడిబారినట్టు, గొట్టాల అంచులు పదునుగా కనిపిస్తే అక్కడ కండ పోయింది. నాలుగైదు రోజుల్లో దాని మీద పచ్చటి నాచు పడుతుంది.

పెరుగుతున్న చోట తెలుపు ఉండటం సహజం. ఆక్రోపోరా కొనలూ, పళ్లెంలా పెరిగే మోంటిపోరా అంచులూ తెల్లగానే ఉంటాయి, ఆల్గే ఇంకా అక్కడికి చేరి ఉండదు. నీడ పడే అడుగు కొమ్మలు పాలిపోవడమూ మామూలే.

రెండో పని: ఆగొచ్చా, ఆగకూడదా?

దాదాపు అన్ని సందర్భాల్లోనూ ఆగొచ్చు. ఆగకూడనివి కొన్నే. కండ గంటల్లో ఊడిపోతూ పైకి పాకుతుంటే ఆ గీతకు ఒక సెంటీమీటరు పైన, ఆరోగ్యంగా ఉన్న చోట కొమ్మను కట్ చేసి వేరే ఫ్రాగ్ ప్లగ్ (కోరల్ ముక్కను నిలబెట్టే చిన్న దిమ్మ) మీద అతికించండి. కింది భాగం దక్కుతుందని ఆశపడి పైదాన్నీ పోగొట్టుకోవద్దు. థర్మామీటరు 29 డిగ్రీల సెల్సియస్ దాటి చూపిస్తే హీటర్ ప్లగ్ పీకి, నీటి ఉపరితలం మీదికి ఫ్యాన్ పెట్టండి. ఒకేసారి చాలా కోరల్స్ ముడుచుకుపోయి చేపలు కూడా వేగంగా ఊపిరి తీస్తుంటే తాజా కార్బన్ (నీటిని శుభ్రం చేసే బొగ్గు) పెట్టి, అదే ఉష్ణోగ్రత, అదే ఉప్పు శాతం ఉన్న నీటితో 20 నుంచి 25 శాతం మార్చండి.

ఈ మూడూ కాకపోతే ఆ రోజు ట్యాంకులో చేయి పెట్టకండి.

మూడో పని: గత నెల రోజుల లెక్క

టెస్ట్ కిట్ కంటే ముందు తీయాల్సింది నోటు పుస్తకం. నెల రోజుల్లో ట్యాంకులో మారినదంతా రాయండి, చిన్నదని వదలొద్దు. కొత్త లైటు పెట్టారా? లైట్ల మీద పేరుకున్న ఉప్పు మరకలు తుడిచారా? కొత్త కార్బన్ వేశారా? కార్బన్ నీటిలోని పసుపుదనాన్ని లాగేస్తుంది, దాంతో మీరు లైటు ముట్టుకోకపోయినా లోపలికి వెలుతురు ఎక్కువగా పడుతుంది. వేరే కంపెనీ ఉప్పు తెరిచారా? చేప చచ్చి కనపడకుండా పోయిందా? ఊరెళ్లినప్పుడు స్నేహితులు వచ్చి తిండి వేశారా? స్కిమ్మర్ (నురగతో మురికిని లాగే పరికరం) కప్పు కడిగారా, లేక మూడు వారాలుగా కడగలేదా? డోసింగ్ పంపు (ద్రావణాలను కొలిచి పోసే పంపు) గొట్టం మార్చారా?

నా అనుభవంలో పదిలో ఆరేడుసార్లు జవాబు ఇక్కడే దొరుకుతుంది. ఈ ఒక్క అలవాటు నాకు మిగిల్చినన్ని కోరల్స్ ఏ పరికరమూ మిగల్చలేదు.

నాలుగో పని: కొలతలు, ఈ వరుసలోనే

ఉష్ణోగ్రత రెండో థర్మామీటరుతో చూడండి. కంట్రోలర్ చెప్పేది ఒక్కటే నమ్మితే, దాని సెన్సర్ తప్పితే అన్నీ తప్పుతాయి. 25 నుంచి 26 డిగ్రీలు బాగుంటుంది.

తర్వాత ఉప్పు. 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35), అంటే స్పెసిఫిక్ గ్రావిటీ (మంచినీటితో పోల్చిన సాంద్రత) దాదాపు 1.026. రిఫ్రాక్టోమీటరును (ఉప్పు కొలిచే పరికరం) మంచినీటితో కాకుండా 35 పీపీటీ స్టాండర్డ్ ద్రావణంతో సరిచూసుకోండి. సున్నా దగ్గర సరిగా చూపించేది 35 దగ్గర రెండు మూడు పాయింట్లు తప్పొచ్చు. ఉప్పు తప్పుగా ఉంటే కాల్షియం, మెగ్నీషియం, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి) కూడా దాంతోపాటే తప్పుతాయి. అందుకే దీని తర్వాతే మిగతావి.

ఆల్కలినిటీ 7 నుంచి 9 డీకేహెచ్ (దాని కొలమానం) మధ్య ఏదో ఒక చోట కదలకుండా నిలబడాలి. 8.6 మంచిదా 7.8 మంచిదా అని తలబద్దలు కొట్టుకోవద్దు. సోమవారం 7.5, గురువారం 9 ఉండటమే ప్రమాదం. నాలుగు రోజులు వరుసగా ఒకే సమయానికి కొలిస్తే ఊగుతోందో లేదో తెలుస్తుంది.

నైట్రేట్ 2 నుంచి 15 పీపీఎం (పది లక్షల్లో ఇన్ని పాళ్లు), ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం నేను పెట్టుకున్న హద్దులు. రంగు పోల్చి చూసే ఫాస్ఫేట్ కిట్లతో ఇంత చిన్న అంకెలు తేలవు, డిజిటల్ మీటరు కావాలి. మీ మీటరు ఫాస్ఫరస్‌ని పీపీబీలో (వంద కోట్లలో ఇన్ని పాళ్లు) చూపించే రకమైతే ఆ అంకెను 3.066తో గుణించి వెయ్యితో భాగించాలి. 20 అని వస్తే ఫాస్ఫేట్ 0.06 పీపీఎం అన్నమాట. ఈ లెక్క తెలియక 20 చూసి భయపడినవాళ్లున్నారు.

కాల్షియం 400 నుంచి 450, మెగ్నీషియం 1250 నుంచి 1400 పీపీఎం మధ్య ఉంటే చాలు. రంగు మార్పుకు ఇవి కారణం కావడం అరుదు.

గోధుమ రంగు ఎక్కితే

ఆల్గేకు ఎరువు (నైట్రేట్, ఫాస్ఫేట్) ఎక్కువ అందుతోంది, లేదా వెలుతురు తక్కువై కోరల్ దొరికినంత పట్టుకోవడానికి ఆల్గేను పెంచుకుంటోంది. ఏది నిజమో తేల్చడానికి మిగతా కోరల్స్ చూడండి. అన్నీ గోధుమైతే నీరు, ఒక్కటే అయితే అది ఉన్న చోటు. కొత్తగా తెచ్చిన ఫ్రాగ్ (కోరల్ ముక్క) అయితే ప్రయాణం వల్లే గోధుమ అవుతుంది, దాన్ని ఆరు నుంచి ఎనిమిది వారాలు కదపకుండా వదిలేయండి. రంగు కోసం రోజూ చోటు మార్చితే ఏ చోటుకూ అలవాటు పడదు.

వెలుతురు విషయంలో అంచనాలు పనికిరావు. పార్ మీటరు (ఆల్గే వాడుకునే వెలుతురును కొలిచేది) అద్దెకు దొరుకుతుంది, చాలా రీఫ్ క్లబ్బుల్లో సభ్యులకు ఇస్తారు. ఆక్రోపోరాలకు 200 నుంచి 350, లావుపాటి కండ ఉన్న యుఫిలియా లాంటి వాటికీ మెత్తటి కోరల్స్‌కీ 50 నుంచి 150 సరిపోతుంది. ట్యూబులైట్లయితే 9 నుంచి 12 నెలలకు బలం తగ్గుతాయి.

ఎరువు ఎక్కువైతే ఏం చేయకూడదో నా సొంత ట్యాంకు నుంచే చెప్తాను. ఒకసారి ఫాస్ఫేట్ 0.25కి చేరి, నీలికొనల ఆక్రోపోరా పూర్తిగా కాఫీ రంగుకి వచ్చింది. ఫాస్ఫేట్ లాగేసే ఐరన్ గుళికలు డబ్బా మీద రాసినంత మోతాదు రియాక్టర్‌లో (గుళికల గుండా నీళ్లు తిప్పే పరికరంలో) పోశాను. నాలుగు రోజుల్లో మీటరు సున్నా చూపించింది. చాలా సంతోషించాను. పదో రోజుకి అదే కోరల్ అడుగు నుంచి పాలిపోవడం మొదలుపెట్టింది, పక్కనున్న పచ్చ మోంటిపోరా గుడ్డుపెంకు రంగుకి వచ్చింది, ఇసుక మీద బుడగలతో సాగే గోధుమ జిగురు లేచింది. అది డైనోఫ్లాజెల్లేట్ల (ఒక రకం ఏకకణ జీవుల) బెడద. నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకి పడిపోయిన ట్యాంకుల్లో ఇది తరచుగా వస్తుంది. దాన్ని సరిచేయడానికి నాకు మూడు నెలలు పట్టింది. గోధుమ కోరల్ ఆరోగ్యంగా ఉన్న కోరల్, దానికి తొందర లేదు.

ఇప్పుడు నేను చేసేది ఇది. చేపల తిండిని పావు వంతు తగ్గిస్తాను. సంప్‌లో (ట్యాంకుకు కలిపిన ఫిల్టర్ తొట్టిలో) ఫిల్టర్ సాక్స్ (మురికి పట్టే గుడ్డ సంచులు) మూడు రోజులకోసారి మారుస్తాను. వారానికి 10 శాతం నీళ్లు మారుస్తాను. గుళికలు వాడక తప్పకపోతే చెప్పిన మోతాదులో నాలుగో వంతుతో మొదలుపెట్టి మూడు రోజులకోసారి కొలుస్తాను.

పాలిపోతే

ఇది గోధుమ కంటే జాగ్రత్తగా చూడాల్సింది. ముఖ్యమైన కారణాలు రెండు: ఆకలి, ఎక్కువ వెలుతురు. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకి దగ్గరగా ఉంటే ఆకలి. నైట్రేట్ ఉండి ఫాస్ఫేట్ లేకపోతే అది ఇంకా చెడ్డది. అలాంటి అసమతుల్యం కోరల్‌ని వేడికీ వెలుతురుకీ తట్టుకోలేనట్టు చేస్తుందని సౌతాంప్టన్ బృందమే 2013లో చూపించింది. నీరు ఎంత శుభ్రంగా ఉంటే అంత మంచిదన్న నమ్మకం అక్కడితో పోవాలి.

ఆకలి అయితే చేపలకు రోజుకు ఒకసారి బదులు రెండుసార్లు తిండి వేయండి, స్కిమ్మర్ కొద్దిగా పొడిగా, అంటే తక్కువ నురగ తీసేలా, నడపండి. చాలకపోతే నైట్రేట్ రోజుకు 1 పీపీఎం, ఫాస్ఫేట్ రోజుకు 0.01 నుంచి 0.02 పీపీఎం మించకుండా డోసింగ్ చేయండి. ఫాస్ఫేట్ మొదటి వారం మీటరులో కనపడదు, రాళ్లు పీల్చుకుంటాయి. పోసింది ఎక్కడికి పోయిందని రెట్టింపు చేయొద్దు.

ఆల్కలినిటీ 9, 10 ఉండి పోషకాలు సున్నా ఉంటే ఆక్రోపోరా కొనలు కాలినట్టు అవుతాయి. పెరిగే కొన నున్నగా ఉంటుంది, కాలిన కొన గరుకుగా, కండ వెనక్కి జరిగినట్టు ఉంటుంది. అక్కడ ఆల్కలినిటీని రోజుకు 0.5 డీకేహెచ్ మించకుండా 7.5, 8 దగ్గరికి దించండి.

వెలుతురు వల్ల అయితే పైభాగం పాలిపోయి, నీడ వైపు రంగు బాగానే ఉంటుంది. కొత్త ఎల్ఈడీ పెట్టినవాళ్లు సగం బలంతో మొదలుపెట్టి వారానికి 5 శాతం చొప్పున పెంచాలి. ఇప్పటికే దెబ్బ తగిలితే కోరల్‌ని కదపడం కంటే లైటునే పావు వంతు తగ్గించడం మేలు.

బ్లీచ్ అయి, కండ మిగిలి ఉంటే

ఆశ వదులుకోకండి. ఆల్గే లేని కోరల్‌కి తిండి లేదు, అంతే. లైటు తగ్గించి, ఉష్ణోగ్రత 25 దగ్గర కదలకుండా పెట్టి, వారానికి రెండుసార్లు రాత్రి లైట్లు ఆగాక తిండి పెట్టండి. పెద్ద నోరున్న వాటికి మెత్తగా తరిగిన రొయ్య, చిన్న పాలిప్స్ ఉన్నవాటికి పొడి ఆహారం. పంపులు పావుగంట ఆపితే కొట్టుకుపోదు. మొదట కనిపించేది పాలిప్ చుట్టూ లేత గోధుమ నీడ. చాలామంది దాన్ని చూసి మళ్లీ గోధుమ అయిందని దిగులుపడతారు. నిజానికి ఆల్గే తిరిగి వస్తోంది. అసలు రంగు దాని తర్వాత నెలల్లో వస్తుంది.

మచ్చలు మచ్చలుగా ఉంటే

నీరు సరిగా ఉండి ఒకే జాతి కోరల్ మచ్చలు పడుతుంటే పురుగుల కోసం వెతకండి. లైట్లు ఆగిన గంట తర్వాత టార్చ్ పట్టుకుని చూడండి. ఆక్రోపోరాను తినే ఫ్లాట్‌వర్మ్ (చదునైన పురుగు) దాని రంగులోనే కలిసిపోతుంది, అది వదిలే కోలటి కాటు గుర్తులే కనిపిస్తాయి. పైపెట్‌తో గట్టిగా నీళ్లు చిమ్మితే కొన్ని ఊడి ఎగురుతాయి. గుడ్లు కొమ్మ మొదట్లో, కండ లేని ఎముక మీద తేనె రంగు చుక్కల్లా గుంపుగా ఉంటాయి. మోంటిపోరాను తినే న్యూడిబ్రాంక్ (గుల్ల లేని సముద్రపు నత్త) తెల్లగా, కొన్ని మిల్లీమీటర్లే ఉండి, పళ్లెం అడుగున దాక్కుంటుంది. రెడ్ బగ్స్ అర మిల్లీమీటరువి, పసుపు ఒంటి మీద ఎర్ర చుక్క. ఇవి ఉన్న కోరల్ పాలిప్స్ చాచదు, రంగు మెల్లగా మందగిస్తుంది.

డిప్ ద్రావణాలు (కోరల్‌ని కాసేపు ముంచే మందులు) ఫ్లాట్‌వర్మ్‌నీ న్యూడిబ్రాంక్‌నీ రాలుస్తాయి కానీ వాటి గుడ్లను చంపవు. గుడ్లను బ్లేడుతో గీకి, ఐదారు రోజులకోసారి కనీసం నాలుగైదు విడతలు డిప్ చేయాలి. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. జోయాంథిడ్లు (పూలలా గుంపుగా పెరిగే మెత్తటి జీవులు) ఉన్న రాళ్లయితే మరీ జాగ్రత్త. వాటిలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే ప్రాణాంతక విషం ఉంటుంది. ఆ రాళ్లను వేడినీళ్లలో మరిగించడం, బ్రష్‌తో రుద్దడం ఎప్పుడూ చేయకండి.

ఒక వైపే చెడితే పక్కనున్న కోరల్స్‌ని అనుమానించండి. యుఫిలియాలు రాత్రిపూట పొడవాటి కుట్టే టెంటకిల్స్ చాస్తాయి. 15 సెంటీమీటర్ల ఎడం ఉంచండి.

అన్నీ సరిగ్గా ఉన్నా రంగు రాకపోతే

రెండేళ్ల కిందట నా ట్యాంకు మొత్తం నెమ్మదిగా మాసిపోయింది. ఏ టెస్టూ తప్పు చూపించలేదు. చివరికి సంప్ శుభ్రం చేస్తుంటే గాజు తుడిచే అయస్కాంతం చేతికి తగిలింది. దాని ప్లాస్టిక్ తొడుగు వెంట్రుకంత చీలి, లోపలి లోహం తుప్పుపట్టి ఎర్రటి పొడిగా కారుతోంది. దాన్ని తీసేసి, లోహాలను పట్టే ప్రత్యేకమైన స్పాంజి పెట్టి, వరుసగా ఆరు వారాలు 15 శాతం నీళ్లు మార్చాక రంగు తిరిగొచ్చింది. ఇలాంటప్పుడు ఐసీపీ టెస్టుకు (నీటిలోని మూలకాలను కొలిచే ల్యాబ్ పరీక్షకు) నీటి నమూనా పంపాలి. తగరం, అల్యూమినియం లాంటివి, అతి తక్కువ మోతాదులో ఉన్న రాగి ఇంటి కిట్లలో తేలవు. పంపుల ఇరుసులు, హీటర్ గాజు, తొట్టి పైన ఉన్న స్క్రూలు కూడా ఒకసారి చూడండి.

నీళ్లు తయారుచేసే ఆర్ఓ డీఐ ఫిల్టర్ (నీటిలోని లవణాలను తీసేసేది) చివర టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) సున్నా ఉండాలి. అమెరికాలో చాలా ఊళ్లలో కుళాయి నీటిలో క్లోరమైన్ (క్రిములను చంపే రసాయనం) కలుపుతారు. ఆ ఫిల్టర్‌లోని కార్బన్ బ్లాక్ పాతబడితే అది దాటి వస్తుంది, టీడీఎస్ మీటరు దాన్ని పట్టుకోదు. ఆరు నెలలకోసారి కార్బన్ మార్చండి.

ఏ కారణం దొరికినా ఒకసారికి ఒక్కటే మార్చి, రెండు వారాలు ఆగి, మొదటిరోజు ఫోటో పక్కన కొత్త ఫోటో పెట్టి చూడండి. తేడా మంచివైపు ఉంటే ఇంకేమీ మార్చకండి. తేడా లేకపోతే నోటు పుస్తకంలో రెండో అనుమానానికి వెళ్లండి. నా నీలికొనల ఆక్రోపోరా తొమ్మిదో వారంలో మొదట ఒక్క కొన మీదే, అగ్గిపుల్ల తలంత చోట నీలం చూపించింది. మిగతా కొమ్మ అంతా అప్పటికీ కాఫీ రంగే.